వలలో బుట్టచుక్క

రేవులో ఏ వల చిరిగినా చివరికి వలలక్క ఒళ్ళోకే రావాలి. నలభై ఏళ్ళుగా వలలు కుడుతున్న చెయ్యి ఆమెది. వల కన్నుల్లో ఇరుక్కున్న నాచూ గుల్లా చూసి, ఆ వల ఏ నీళ్ళలో పడిందో ఇట్టే చెప్పేసేది. ఆమె చెప్పాక ఇక మారుమాట లేదు.

మూడు నెలల కిందట ఆ పేరే కొంప ముంచింది. నీటి అడుగున రాతిగుట్ట ఒకటుంది. చేపలు గుడ్లు పెట్టే చోటు. అయిదేళ్ళపాటు అక్కడ వల వెయ్యకూడదని పడవలవాళ్ళంతా ఒట్టు పెట్టుకున్నారు. ఒకనాడు ఆమె తమ్ముడు ఒక వలముక్క తెచ్చి అందరి ముందూ పరిచాడు.

"పొడుగాడి పడవలో దొరికిందక్కా. చూసి చెప్పు."

అందులో బుట్టచుక్క చేతులు తెగి వేలాడుతున్నాయి. నక్షత్రచేపకు దూరపు చుట్టం అది. ఒక్కో చెయ్యి రెండుగా, ఆ రెండూ నాలుగుగా చీలుతూ పోయి, చివరికి దువ్వని జుట్టులా అల్లుకుంటాయి. ఆ గుట్ట మీది పగడపు కొమ్మల్ని పట్టుకునే బతుకుతుంది. చుట్టుపక్కల ఇంకెక్కడా కనబడదు.

"గుట్ట మీద వేసిన వలే," అంది వలలక్క.

అంతే, పొడుగాడి పడవకు రేవులో చోటు లేకుండా పోయింది. "అది నా వల కాదక్కా!" అని అతను ఎంత మొత్తుకున్నా ఆమె తల తిప్పుకుంది. మరి తెచ్చింది తన తమ్ముడాయె! తల్లి పోతే చంకనేసుకుని పెంచినవాడాయె!

ఇవాళ పొద్దున్న ఆ తమ్ముడే తడి వల తెచ్చి గుమ్మంలో కుప్ప పోశాడు.

"మధ్యాహ్నానికల్లా కావాలక్కా."

"నేనేం మిషన్నట్రా? కూర్చో, టీ తాగు," అంటూనే ఆమె వల విప్పింది. చేతికి పిడికిలంత ముద్ద తగిలింది.

"ఏంట్రా ఇది?"

"పాత తాడుముద్ద. పారెయ్."

నలభై ఏళ్ళు తాళ్ళతో కాపురం చేసినదానికి తాడేదో తెలియదా! వెలుగులో బుట్టచుక్క అలాగే ముడుచుకుంటుంది. ఆమె బకెట్టెడు సముద్రపు నీళ్ళు తెచ్చి, ముద్దను అందులో వదిలి, పైన మందపాటి గోనె కప్పింది.

"చీకటి చేస్తే రాత్రయిందనుకుని విచ్చుకుంటుందిరా," అంది.

తమ్ముడి చేతిలో గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

చాలాసేపటికి ఆమె గోనె అంచు ఎత్తింది. సన్నటి చేతులు ఒక్కొక్కటే మెలికలు విప్పుకుంటూ నీళ్ళలో పరుచుకుంటున్నాయి.

"ఆనాడు తెచ్చిన ముక్క కూడా నీ వలదేనా?"

"అప్పటికే అందరూ నన్నే అనుమానంగా చూస్తున్నారక్కా. నువ్వు చెబితే ఎవరూ ఎదురాడరని..."

"నా నోటినే వలగా వేశావన్నమాట."

ఆమెకు ఏడుపు రాలేదు. వల కుట్టకుండానే చుట్టి వాడి ఒళ్ళో పెట్టి, బకెట్టు ఎత్తుకుంది.

"ఎక్కడికే అక్కా? నన్ను రేవులో నిలబెడతావా?"

"నీ పక్కన నేనూ నిలబడతాలే. రా. తీర్పు చెప్పింది నేనేగా."

తమ్ముడు గుమ్మంలోనే ఉండిపోయాడు. రేవులో అందరి ముందూ ఆమె ఒక్కతే జరిగింది జరిగినట్టు చెప్పింది. అక్కణ్ణించి పొడుగాడు ఇప్పుడు పడవ కట్టుకుంటున్న అవతలి ఒడ్డుకు నడిచి అతనికీ చెప్పింది. అతను ఆసాంతం విన్నాడు. ఫరవాలేదని అనలేదు. గోనె ఎత్తి చూశాడు.

"ప్రాణముందా?"

"ఉంది. గుట్ట దగ్గర వదిలేద్దాం, నేనూ వస్తా."

"వద్దక్కా. దారి నాకు తెలుసు."

బకెట్టు అందుకుని పడవెక్కాడు. వలలక్క అక్కడే నిలబడి, వెనక తమ్ముడి అడుగుల చప్పుడు వినబడుతుందేమోనని చెవి ఒగ్గింది. పడవ చుక్కంత అయ్యేదాకా ఒగ్గింది. వినబడలేదు.