అరచేతిలో చారుచుక్క

ఆ ఆదివారం కేప్ కోస్ట్ పట్టణంలో, జడ్జి అబైడూ గారి డెబ్బై ఎనిమిదవ పుట్టినరోజు భోజనానికి కూర్చున్నవారు వరుసగా వీరు: బల్ల తలవైపు జడ్జిగారు, కుడివైపున ఆయన అక్కగారు ఎకువా, ఎదురుగా పాస్టరుగారు, చివర ఆయన పాత సహోద్యోగినైన నేను. గుమ్మంలో నిలబడిన వంటమనిషి అరబాను ఎవరూ లెక్కించలేదు.

ఆమె ఉదయం నుంచీ, లోపల గరుకు గీతలున్న మట్టి రోటిపళ్లెంలో అల్లం, మిరపకాయలు నూరుతూనే ఉంది. యాభై ఎనిమిదేళ్ల పొట్టి మనిషి. నూరి నూరి కుడిభుజం కాస్త కిందికి వాలింది. పదకొండేళ్ల క్రితం జడ్జిగారి మూత్రపిండాలు దెబ్బతిని వైద్యులు ఉప్పు మానిపించినప్పుడు, ఆమె తన అమ్మమ్మ వంటలను వదిలిపెట్టలేదు, మార్చుకుంది. ఉడికించి దంచే ఫుఫూ ముద్దలో పచ్చి అరటికాయ తగ్గించి కర్రపెండలం పెంచింది. ఆయిల్‌పామ్ పండ్ల చారు మీద తేలే ఎర్రనూనెను గరిటెతో ఓపికగా తీసేసేది. తన ఇంట్లోనూ ఉప్పు మానేసింది. అయ్యగారి నాలుకకు వండాలంటే తన నాలుకా అలాగే ఉండాలన్నది ఆమె లెక్క.

"అరబా, నా కోర్టులో ఎవరికీ ఇంత కఠినశిక్ష వెయ్యలేదే," అనేవారు జడ్జిగారు. అంటూనే గిన్నె ఖాళీ చేసేవారు.

ఎకువాగారి దృష్టిలో మాత్రం ఉప్పుచేప లేని చారు పెద్దవాళ్లకు అవమానం. ఆనాడు అరబా చేతులు కడుక్కునే నీళ్లు తెచ్చి అందరికీ అందిస్తూండగా, ఎకువాగారు ఒక్కరే వంటగదిలోకి వెళ్లి వచ్చారు.

అరబా చారు వడ్డించింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు, నేను మూసుకోలేదు. అరబా అలవాటు ప్రకారం గరిటెకు మిగిలిన చుక్కను ఎడమ అరచేతిలో వేసుకుని నాకింది. మళ్లీ నాకింది. అక్కగారి వైపు చూసింది. ఆ తరువాత నన్ను చూసింది.

ఆమెన్ అనగానే వచ్చి, జడ్జిగారి గిన్నెను ఆయన తెల్లని పండుగబట్టల మీదికి ఒంపేసింది.

"చేతులు పడిపోయాయటే నీకు?" అన్నారు ఎకువాగారు.

"చెయ్యి జారిందమ్మగారూ. తప్పు నాదే." అంటూనే వంటగదిలోకి వెళ్లి, పొయ్యి మీది కుండనూ తొట్టిలో కుమ్మరించేసింది.

జడ్జిగారు తడిసిన బట్టలను చేతిరుమాలుతో తుడుచుకున్నారు. రేపటి నుంచి రానక్కర్లేదని మెల్లగా చెప్పారు.

గేటు దగ్గర ఆమెను ఆపి, చారులో ఉప్పు పడిందన్న నిజం ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పాస్టరుగారి ముందు పెద్దావిడను దోషిని చెయ్యమంటారా? వంటమనిషి మాట ఎవరు నమ్ముతారు? మీరు చూశారు కదయ్యా. మీరు చెప్పండి."

చెబుతానన్నాను. ఆ సాయంత్రం చెప్పడానికి సమయం బాగాలేదనుకున్నాను. ఆ వారమూ బాగాలేదనుకున్నాను. అక్కగారి వంట మొదలైంది. ఇన్నాళ్లకు చారు చారులా ఉందని జడ్జిగారు నాతోనే అన్నారు. ఆయన పాదాలు వాచాయి. ఏడవ వారం, నిద్రలోనే పోయారు. అంత్యక్రియలలో, చివరి రోజులలోనైనా తమ్ముడు తృప్తిగా తిన్నాడని ఎకువాగారు కన్నీళ్లతో చెప్పారు. నేను తల ఊపాను.

అరబా ఇప్పుడెక్కడ ఉందో నాకు తెలియదు. కాబట్టి ఇక్కడే నమోదు చేస్తున్నాను: ఆనాడు ఆ గదిలో జడ్జి అబైడూ గారి ప్రాణాన్ని కాపాడటానికి ప్రయత్నించినది అరబా ఎన్యాన్ ఒక్కతే, అందుకు ఆమె తన పనినీ పేరునూ మూల్యంగా చెల్లించింది.

ఆమె రోటిపళ్లెం ఇంకా ఆ వంటగది తొట్టి పక్కనే ఉంది. లోపలి గరుకు గీతలు కుడివైపున పూర్తిగా అరిగిపోయాయి.