అడిగినా చెప్పకూడని మాట

పట్టుపురుగుల షెడ్డులోకి అడుగుపెట్టే ముందు చేతులు కడుక్కోవాలి. పెనుకొండ చుట్టుపక్కల పురుగులు మేపే ప్రతి ఇంట్లోనూ ఉన్న కట్టుబాటే అది. అందుకే సోమక్క పొద్దస్తమానం కడుక్కుంటున్నా జబ్బని ఎవరికీ తట్టలేదు. పైగా ఇంత శుభ్రమైన మనిషి లేదని ఊరంతా మెచ్చుకుంది. మొగుడు ఓబుళప్ప అయితే మురిసిపోయాడు కూడా.

కిందటేడు పురుగులకు రోగమొచ్చి పంటంతా కుళ్ళిపోయినప్పుడు మొదలైంది ఇది. తన చేతుల వల్లే చచ్చాయని సోమక్క మనసులో నాటుకుపోయింది. అరచేతులు పగిలి నెత్తురు కారుతున్నా కడగడం ఆపలేదు. ఆఖరికి, ఏ రోగం అంటిస్తానోనని మూడేళ్ళ కూతురు చాముండేశ్వరిని ఎత్తుకోవడమే మానేసింది. ధర్మవరం నుంచి పుట్టింటివాళ్ళు వచ్చి తాయెత్తు కట్టారు. ఆ తాయెత్తునూ కడిగింది.

ఇక లాభం లేదని ఓబుళప్ప ఆమెను హిందూపురంలో మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ సోమక్కతో చాలాసేపు మాట్లాడి ఓబుళప్పవైపు తిరిగింది.

"చేతులు శుభ్రంగా ఉన్నాయా అని ఈమె అడిగితే మీరేమంటారు?"

"ఉండాయిలే అంటానమ్మా. రోజంతా అడుగుతానే ఉంటాది. అట్లంటే కొంచేపు నెమ్మదిస్తాది."

"ఆ కొంచేపటి కోసమే మళ్ళీ అడుగుతుంది. ఒక్కసారి కడుక్కుని, పాపను ఎత్తుకోవాలి. భయమేస్తుంది, వేయనివ్వండి. దానంతటదే తగ్గుతుంది. మీరు మాత్రం జవాబు చెప్పకండి."

సోమక్క తల ఊపి ఒప్పుకుంది. ఓబుళప్పకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఇన్నాళ్ళూ తాను ప్రేమతో చెప్పిన మాటే జబ్బును సాకిందని తెలిస్తే ఏ మొగుడికి బాధ కలగదు?

మర్నాడు సోమక్క పురుగులకు ఆకేసి వచ్చి, ఒక్కసారే కడుక్కుంది. పిల్ల ఎదురుగా నిలబడింది. సోమక్క చేతులు చాచలేకపోయింది.

"ఏమయ్యా, శుభ్రంగా ఉండాయా?"

ఓబుళప్ప నేల చూశాడు.

"ఒక్క మాట చెప్పయ్యా. నీకు దండం పెడతా."

నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. అంత కఠినమైన పని అతను బతుకులో చేయలేదు. సోమక్క ఏడుస్తూ గోడకు జారగిలబడింది.

అంతలో నీళ్ళ చప్పుడైంది. పిల్ల తొట్టి దగ్గర మునివేళ్ళ మీద నిలబడి, సబ్బుతో తన చేతులు తోముకుంటోంది.

"నేను కడుక్కున్నా అమ్మా," అంది తడిచేతులు చూపిస్తూ. "ఇప్పుడు ఎత్తుకుంటావా?"

సోమక్క ఒక్క ఉదుటున లేచి కూతుర్ని ఎత్తుకుంది. పిల్ల భుజం మీదుగా మొగుణ్ణి చూసి, మళ్ళీ అదే అడిగింది. అతను పలకలేదు. ఆమె పిల్లను దించలేదు.