శబ్దం రాని తూటా

మా తమ్ముడు వెర్లిన్ సొంతంగా ఒక తూటా తయారుచేశాడు. ప్రపంచం మొత్తమ్మీద దాన్ని వాడే మనిషి వాడొక్కడే, అదే దాని గొప్పతనమని వాడి నమ్మకం. ఎలుగుబంట్ల వేట కోసం చేసిన లావుపాటి ఇత్తడి గుల్ల తెచ్చి, మెడ నొక్కి సన్నం చేసి, అందులో పెన్సిలంత గుండు కూర్చాడు. దానికి సరిపడే తుపాకీ విడిగా చేయించాడు. ఆ తుపాకీలో ఇంకే తూటా పట్టదు, ఆ తూటా ఇంకే తుపాకీలోనూ పట్టదు. ఆ రెంటిదీ అన్యోన్య దాంపత్యం.

మేం నలుగురం ఏటా నవంబరులో దుప్పుల వేటకి ఉత్తర విస్కాన్సిన్ అడవిలోని మా గుడిసెకి వెళ్తాం. నేను, వెర్లిన్, మా డెల్మర్ బాబాయి, ఆయన కొడుకు రోలీ. వెళ్లినప్పుడల్లా ఆ తూటా గురించే పంచాయితీ. గుండు గీత గీసినట్టు పోతుందని వెర్లిన్ అంటే, గడ్డిపోచ తగిలినా పక్కకి తిరుగుతుందని రోలీ. పేల్చినప్పుడు తుపాకీ భుజాన్ని తన్నదని వీడంటే, దుప్పికి కూడా తగిలినట్టు తెలియదేమోనని వాడు. ఒక్కో తూటా చెయ్యడానికి ఒక సాయంత్రం పడుతుంది కాబట్టి, అంత విలువైన దుప్పి ఇంకా కనపడలేదని వెర్లిన్ ఒక్కటీ కాల్చలేదు. మేమెవరం దాని చప్పుడు విననేలేదు.

ఈసారి దారిలో, ఈ తూటా ఉంటే ఎవరూ మనల్ని తూటాలు అప్పడగరు, అదీ ఒక లాభమే అన్నాడు వెర్లిన్. బాబాయి వాడి వైపు తిరిగి, నువ్వూ ఎవర్నీ అప్పడగలేవురా, పెట్టె ఇంట్లో మర్చిపోయిన రోజు నీ చేతిలో ఉండేది చీపురుకర్రే అన్నాడు. ఆ మాట వాడికి గుచ్చుకుంది. తూటాలు మర్చిపోయేవాడు వేటగాడే కాడని పెద్దగా అన్నాడు.

మా గుడిసెలో ఒక ఆచారం ఉంది. దుప్పిని కాల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి, గోడకి మేకుతో కొడతారు. గోడంతా గుడ్డముక్కలే, వాటిలో నావీ ఉన్నాయి. మా నాన్న పేరు కింద మాత్రం ఉత్త మేకు. జీవితంలో ఆయన గురి తప్పలేదు. ఆ మేకు చూపించే బాబాయి కొత్తవాళ్లకి బుద్ధి చెప్తాడు. నాన్న మొన్న ఏప్రిల్‌లో పోయారు. ఆయన వేట చొక్కా, ఎరుపు నలుపు గళ్ల ఉన్నిది, వెర్లిన్‌కి వచ్చింది. నాకు కావాలని ఉండింది గాని, మోకాళ్ల దాకా వేలాడుతుందని ఊరుకున్నాను. వేట మొదటి రోజు వాడు చీకట్లోనే దాన్ని తొడుక్కుని, అంచు ప్యాంటులోకి దోపుకుని, పైన నారింజ రంగు కోటు వేసుకుని మంచె ఎక్కాడు.

నా మంచె వాడి మంచెకి ఎదురుగా, పిలిస్తే వినపడేంత దూరంలో ఉంటుంది. తెల్లవారాక ఒక కొమ్ముల దుప్పి వచ్చి సరిగ్గా వాడి కింద నిలబడింది. అంత దుప్పిని నేను పుట్టాక చూడలేదు. నేను కాలిస్తే వెర్లిన్‌కి తగలొచ్చు. దుప్పి కాసేపు ఆకులు నమిలింది, చెట్టుకి వీపు రుద్దుకుంది, ఇంకాస్త ఉంటే పడుకునేలా ఉంది. వెర్లిన్ తుపాకీ ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చివరికి దుప్పికే విసుగొచ్చి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం సూప్ తాగుతుంటే ఇక ఊరుకోలేకపోయాను. దాన్ని ఎందుకు వదిలేశావని అందరి ముందే అడిగాను. వాడు చెంచా కింద పెట్టాడు.

"కాల్చానక్కా. తప్పింది."

"చప్పుడేదిరా?"

"నా తూటాకి చప్పుడు రాదు."

నాకు విషయం అర్థమైపోయింది. పెట్టె ఇంట్లో మర్చిపోయాడు. ఒప్పుకుంటే బాబాయి చీపురుకర్ర జీవితాంతం వెంటాడుతుంది. తప్పిందంటే నాన్న చొక్కా తెగుతుంది. వెధవ చొక్కానే తెంపుకోవడానికి సిద్ధపడ్డాడు. ఒళ్లు మండింది, జాలీ వేసింది.

నవ్వి వదిలేస్తారనుకున్నాను. మావాళ్లు చప్పుడు రాకపోవడం లాభమా నష్టమా అని చర్చ మొదలుపెట్టారు. ఒకటి తప్పినా దుప్పి బెదరదు, లాభమే అన్నాడు రోలీ. కాల్చామో లేదో కాల్చినవాడికే తెలియకపోతే ఎట్లా, అది నష్టం కదా అన్నాడు బాబాయి. పొగైనా వస్తుందా అని అడిగితే రాదన్నాడు వెర్లిన్. ఖాళీ గుల్ల చూపించమంటే, మళ్లీ వాడుకోవాలని దాచానన్నాడు. ఇన్ని సుగుణాలున్న తూటాని ఇన్నాళ్లూ తక్కువ చేసి మాట్లాడానే అని బాబాయి నిజంగానే నొచ్చుకుని, తనకీ ఒక పెట్టె చేసిపెట్టమన్నాడు. ఆ తర్వాత లేచి కత్తెర తెచ్చాడు.

"అది నాన్న చొక్కా బాబాయ్," అన్నాను.

"ఎవరి చొక్కా అయితేనేమే. తొడుక్కున్నది వీడు."

వెర్లిన్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. బాబాయి చొక్కా అంచు బయటికి లాగి, అలాగే ఆగిపోయాడు. గళ్లు నడుం దాకానే ఉన్నాయి. ఆ కింద ఉన్నది మా వంటింటి పాత కర్టెన్, పసుపు గుడ్డ మీద చిన్న చిన్న కోడిపుంజులు. సన్నటి కుట్టు, చివర రెండు ముడులు. అమ్మ కుట్టు ఎక్కడున్నా నేను గుర్తుపడతాను.

ముందుగా కదిలింది రోలీ. పొయ్యి గొట్టం వెనక మసిపట్టిన ముక్క ఒకటి ఏళ్లుగా పేరు లేకుండా ఉంది. ఎవరో దారినపోయేవాడిదై ఉంటుందని అనుకునేవాళ్లం. దాన్ని ఊడబీకి తెచ్చి వెర్లిన్ నడుం దగ్గర పెట్టాడు. గళ్లు గళ్లకి సరిగ్గా అతికాయి. నాన్న గురి కూడా తప్పింది. ఎవరికీ చెప్పుకోలేక, ఆచారమూ వదల్లేక, ఆయనే కత్తిరించుకుని, ఆయనే మేకు కొట్టుకుని, అమ్మచేత కర్టెన్ ముక్క కుట్టించుకుని, అంచు ప్యాంటులోకి దోపుకుని తిరిగారు. అమ్మ కూడా బయటపెట్టకుండానే పోయింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

వెర్లిన్ ఆ మసి ముక్కని చేతిలోకి తీసుకుని బాబాయి వైపు తిరిగాడు.

"తూటాల పెట్టె ఇంట్లో ఫ్రిజ్ మీద ఉండిపోయింది బాబాయ్. నేను కాల్చలేదు."

చీపురుకర్ర బాబాయి నోటిదాకా వచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను, మింగేశాడు. కాల్చకపోతే తప్పినట్టు కాదని చెప్పి కత్తెర పక్కన పెట్టేశాడు. నాన్న ముక్కని ఆయన పేరు కింద వెర్లినే కొట్టాడు.

మర్నాడు వాడు గుడిసెలో ఉండే నాన్న పాత థర్టీ-థర్టీ తుపాకీ తీసుకెళ్లాడు. దాని తూటాలు పెట్రోలు బంకులో కూడా దొరుకుతాయి. పొద్దెక్కాక ఒక్కటే పేలుడు, అడవంతా వినపడింది. నేను తుపాకీ ఎత్తేలోపే నిన్నటి దుప్పి తోక పైకెత్తుకుని నా ముందు నుంచి ఉడాయించింది.

మేం అడగకముందే చొక్కా అంచు బయటికి లాక్కుని మరీ గుడిసెకి వచ్చాడు వెర్లిన్. కోడిపుంజులు గాలికి ఎగురుతున్నాయి. అమ్మ కుట్టు మీద కత్తెర పడనివ్వనని నేనే కూర్చుని ఒక్కో పోగూ విప్పాను. బాబాయి ఆ కర్టెన్ ముక్కని నాన్న ముక్క పక్కన పెట్టి మేకు కొట్టి, కింద పేరు రాస్తుంటే వెర్లిన్ గొంతు సవరించుకున్నాడు.

"నా తూటాతో మాత్రం ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు బాబాయ్. అది కూడా రాయి."