గూనపెంకల ఇంటికి పడ్డ మార్కులు

తొంభై ఏడు మే నెలలో సిద్దిపేటలో కాసిన ఎండ సంగతి చెబితే మీరు నమ్మరు. తాటిచెట్టు నీడ తన చెట్టును వదిలేసి వచ్చి మా గోడ కింద కూర్చుంది. కొండపాక నుంచి వచ్చిన మా బావమరిది మా నడిమింట్లో రెండు రోజులు పడుకొని, చలికి దుప్పటి ఇవ్వలేదని అలిగి వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళుగా ఇలాంటివి చెబుతున్నాను కాబట్టి ఈ రాజమల్లయ్య మాటను మా వీధివాళ్ళు సగం తీసేసి వింటారు. మిగిలిన సగమూ నమ్మరు.

ఆ ఎండల్లోనే మా ఇంటి కప్పుకు గండం వచ్చింది. మట్టిగోడలు, పైన గూనపెంకలు. ఆ పెంకలు నా చేతివే. కుమ్మరి సారె మీద గొట్టంలా లేపి, రెండుగా చీల్చి, ఆవంలో కాల్చినవి. కోతులకు ఆ గౌరవం ఎక్కడిది? ఒక గుంపు వచ్చి పోయిందంటే పాతిక పెంకలు పోయినట్టే. ఏటా వానలకు ముందు కప్పెక్కి పెంకలు తిరగేసే పని నా భార్య యాదవ్వది. నాకు మోకాళ్ళ నొప్పి కదా. అరవై దగ్గర పడేసరికి ఆమెకూ విసుగొచ్చి స్లాబు కావాలంది. బస్సు డిపోలో మెకానిక్‌గా ఉన్న మా కొడుకు లక్ష్మీరాజం సరే పోయిద్దామన్నాడు. శుక్రవారం పెంకలు దింపడానికి మేస్త్రీని మాట్లాడాడు. ఇసుక వచ్చి గుమ్మం ముందు పడింది. నేను దాని చుట్టూ రోజుకు ఇరవై ప్రదక్షిణలు చేస్తున్నాను.

బుధవారం హరికిషన్ అనే పిల్లవాడు సంచీ తగిలించుకొని వచ్చాడు. హైదరాబాదులో ఏదో ఆఫీసు పంపిందట. కట్టి ఉన్న ఇళ్ళు ఎంత వేడెక్కుతాయి, ఎంత కరెంటు కాలుస్తాయి, ఎన్ని కట్టెలు తింటాయి అని చూసి ఇంటికి వందకు ఇన్ని అని మార్కులు వేస్తాడట. ఊరి బడిలో నాలుగో తరగతి వరకు నేను ముప్పై దాటి ఎరగను. ఇల్లయినా దాటకపోతుందా అనుకున్నాను. మా వీధిలో అతను రెండిళ్ళు ఎంచుకున్నాడు. ఒకటి మాది, రెండోది స్టీలు సామాన్ల దుకాణం హన్మంతుది. హన్మంతుది కొత్త స్లాబు ఇల్లు.

సాయంత్రం లక్ష్మీరాజాన్ని పట్టుకొని, మార్కులు మనకే ఎక్కువ వస్తే ఏం చేస్తావని అడిగాను.

"కాగితం మీద వస్తె మేస్త్రీకి వద్దని చెప్త బాపు. నీ నోటి మాట మీద మాత్రం గాదు."

గురువారం పదింటికి హరికిషన్ హన్మంతు హాల్లో ఒక థర్మామీటరు, మా నడిమింట్లో కొయ్యకు ఒకటి వేలాడదీశాడు. రెండింటికి వచ్చి చూస్తానన్నాడు. రోజూ ఎట్లా ఉంటారో అట్లానే ఉండమన్నాడు, దాన్ని మాత్రం ముట్టుకోవద్దన్నాడు.

ముట్టుకోవద్దన్న వస్తువు ఇంట్లో ఉంటే కుదురుగా ఎవడుంటాడు? కూర్చున్నాను, లేచాను. వాకిట్లోకి వెళ్ళాను, వచ్చాను. చుట్ట ముట్టించి, ఆ వేడి కూడా లెక్కలోకి వస్తుందేమోనని ఆర్పేశాను.

చింతపండు గింజలు తీస్తున్న యాదవ్వ తల ఎత్తలేదు. "గది యాడికి ఉరుకది గని కూసోరాదు" అంది.

పన్నెండున్నరకు ఎర్రగీత ముప్పై మూడు దగ్గర నిలబడింది. యాదవ్వను లాక్కొచ్చి చూపించాను. ఆమె చూసి, మళ్ళీ చింతపండు ముందు కూర్చుంది. అంతలో హన్మంతు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మాది ముప్పై ఒకటి, మామా. కూలర్ తిరుగుతుంటే సలి పెడుతున్నది."

అతను పోయాక లెక్క వేసుకున్నాను. రెండు డిగ్రీలు. నా కప్పుకూ మేస్త్రీ గడ్డపారకూ మధ్య రెండే డిగ్రీలు. ఒంటిగంట దాటింది, ఆగలేకపోయాను. థర్మామీటరు తీసి, తడిబట్ట చుట్టిన నీళ్ళకుండకు, అదే రంజన్‌కు ఆనించి పెట్టాను. రెండు డిగ్రీలు దిగగానే మళ్ళీ కొయ్యకు తగిలిద్దామని నా లెక్క. ఈలోగా హరికిషన్ వస్తున్నాడేమో చూద్దామని వీధి చివరికి వెళ్ళాను. అక్కడి నుంచి ఈ చివరికి వచ్చాను. చూస్తే అప్పటికే రెండయింది, అతను హన్మంతు ఇంట్లో నుంచే దిగుతున్నాడు. వెనకాల హన్మంతు, అన్నానికి వచ్చిన లక్ష్మీరాజం. పరుగున లోపలికి వెళ్ళి, వాళ్ళు చెప్పులు విడిచేలోగా కొయ్యకు తగిలించాను.

ఇరవై నాలుగు.

హరికిషన్ ఆ అంకెను చూశాడు, నన్ను చూశాడు. వేలితో గాజును తడిమితే తడి తగిలింది. బయట నలభై మూడు ఉంటే లోపల ఇరవై నాలుగు ఎట్లా అని కూడా అడగలేదు. ఈ ఇంటి లెక్క కొట్టేస్తానని పుస్తకం మూశాడు. లక్ష్మీరాజం తల తిప్పుకొని ఇసుక కుప్ప వైపు చూశాడు.

నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. రంజన్ సంగతీ చెప్పాను, అంతకు ముందున్న ముప్పై మూడూ చెప్పాను. ఒట్టు కూడా పెట్టాను.

"నీ మాటల సగం తీసెయ్యాలె గద మామా. పదహారున్నర రాయమందామా?" అన్నాడు హన్మంతు.

అప్పుడు హరికిషన్ సంచీ సర్దుకుంటూ, హన్మంతు హాల్లో ఇప్పుడు ముప్పై తొమ్మిది ఉందని చెప్పాడు. ఒంటిగంటకు కరెంటు పోయిందట, కూలర్ ఆగిందట. అంటే నేను కూర్చున్నచోట కూర్చొని ఉంటే చాలు, గెలిచేవాణ్ణి.

యాదవ్వ నోరు మూసుకుంటే స్లాబు పడుతుంది, ఆమెకు ఇక ఏ ఎండాకాలమూ కప్పెక్కే పని లేదు. కానీ చేతులు దులుపుకొని లేచింది.

"గా అద్దం గిటియ్యి సారూ."

అంకెలు రాని మనిషి. థర్మామీటరు పట్టుకొని బొటనవేలి గోరు ఒకచోట ఆనించింది. "ఎర్రగీత గీడికి ఉండె. స్లాబు గావాల్నన్నది నేనే. నాకెందుకు అబద్ధం?"

హరికిషన్ గోరు కింద చూశాడు. ముప్పై మూడు. అతను గాజును పొడిగా తుడిచి, తానే కొయ్యకు తగిలించి దాని కింద పీట వేసుకొని కూర్చున్నాడు. మేమంతా చుట్టూ కూర్చున్నాం. ఎర్రగీత పాకింది. ముప్పై దాటింది. నా మోకాలు ఒకటే ఊగుతుంటే యాదవ్వ దాని మీద చెయ్యి వేసి నొక్కిపట్టింది. ముప్పై మూడు దగ్గర ఆగింది. మధ్యాహ్నం మూడున్నర గంటల దాకా కదల్లేదు.

కట్టెల పొగకు కొన్ని, కారే పెంకలకు కొన్ని తీసేసి మాకు అరవై నాలుగు వేశాడు. హన్మంతుకు నలభై ఒకటి. లక్ష్మీరాజం కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకొని మేస్త్రీ ఇంటికి సైకిలెక్కాడు.

యాదవ్వ మాత్రం దొడ్లో నుంచి నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది. "ఇగ నేనెక్క. కప్పు నీది, తిరగేసుడు గూడ నీదే."

శుక్రవారం పొద్దున, మేస్త్రీ రావలసిన వేళకు, కప్పు మీద నేనూ పదకొండు కోతులూ ఉన్నాం. ఈ ఎండకు తట్టుకోలేక ఒక కోతి తనను కిందికి తీసుకుపొమ్మని నాకు దండం పెడుతున్నదని పైనుంచి చెప్పాను.

యాదవ్వ నిచ్చెన వదలకుండా పైకి చూసింది.

"ముందుగాల గా పెంకల వరుస కానియ్యి."