ఎనిమిదో నంబరు తీగలు

దొర్దోయ్ బజారులో మా డబ్బాకొట్టు ముందు నిలబడి ఎవరైనా "గిటారు తీగలివ్వండి" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ గిటారుకి? చెక్క గిటారుకి వేసే కంచు తీగలు కరెంటు గిటారుకి బిగిస్తే దాని అయస్కాంతానికి సరిగ్గా వినపడవు. పోనీ ఎంత లావువి? కట్టలో అన్నిటికంటే సన్న తీగ ఇంచీలో ఎన్ని వెయ్యోవంతులుంటే ఆ కట్టకి ఆ నంబరు. పదకొండో నంబరు వేళ్లు కోసేస్తుంది గానీ నిండుగా మోగుతుంది. ఎనిమిదో నంబరు పసిపిల్ల నొక్కినా లొంగుతుంది, మోత మాత్రం పలచన. ఇవేవీ తెలియకుండా వస్తారు, పైగా నాతో బేరాలు.

ఇమానాలి అన్నకి ఇవన్నీ చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్లుగా పెళ్లిళ్లలో కరెంటు గిటారు వాయిస్తున్నాడు. ఇరవయ్యేళ్లు పదకొండే కొన్నాడు. తొమ్మిది అడిగినవాళ్లని "మీ అమ్మమ్మ జడలోంచి పీక్కోండిరా, ఊరికే వస్తాయి" అని నా కొట్లోనే ఏడిపించేవాడు. అలాంటివాడు కిందటేడు పది అడిగాడు. చలికాలంలో తొమ్మిది. ఈ వసంతంలో ఎనిమిది. నా నోరు ఊరుకుంటుందా?

"ఏమన్నా, వచ్చే నెలకి సాలెగూడు తెప్పించమంటావా?" అన్నాను.

నవ్వాడు. కట్ట విప్పబోయాడు. ఎడమచేతి వేళ్లకి కాగితం చిక్కలేదు. రెండోసారీ జారింది. చివరికి పళ్లతో చింపాడు.

"మూడు వేళ్లలో పట్టు పోతోంది దమీరా. నరమట. తగ్గేది కాదన్నాడు డాక్టరు. తోలోముష్‌తో మాత్రం అనకు. గిటారు లేకపోతే ఆ బృందంలో నేనెవర్ని? స్పీకర్లు మోసేవాణ్నా?"

నా నోరు పడిపోను, ఇన్నాళ్లూ ఏం కూశాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

తోలోముష్ ఆ బృందానికి పెద్ద. మంగళవారం తనే దిగబడ్డాడు.

"మావాడి గిటారు మూడోసారి నీళ్లు పోసిన టీలా ఉంటోందక్కా. బద్ధకమో పిసినారితనమో నాకర్థం కాదు. శనివారం టోక్‌మోక్‌లో పెళ్లి, మూడొందలమంది వస్తున్నారు. పదకొండు కట్ట ఒకటివ్వు, నేనే కానుకిచ్చేస్తా."

"పదకొండు అయిపోయాయి."

"మరి నీ నెత్తిమీద వేలాడుతున్నవేంటి?"

"పాత గిటారు, ఆ లావు తీగల బిగువుకి మెడ కర్ర వంగిపోతుందయ్యా. తొమ్మిది తీసుకుపో," అన్నాను.

"ఇరవయ్యేళ్లు మోసిన కర్ర ఇప్పుడు వంగుతుందా? మరీ చెప్తావక్కా."

నిజం చెబితే అన్న కొంప మునుగుతుంది. చెప్పకపోతే మూడొందలమంది ముందు పరువు పోతుంది. ఏం చేయాలో తోచక కట్ట తీసి ఇచ్చాను.

గురువారం మధ్యాహ్నం ఇద్దరూ కారులో వచ్చారు. "బిగించి వాయించి చూసుకో, నేను లగ్మాన్ తినొస్తా," అని తోలోముష్ పక్క వీధిలోకి పోయాడు. ఇమానాలి అన్న నా మొహం చూడకుండా గిటారు అందించాడు. ఆరు తీగలూ బిగించాను. కొట్లో ఉన్న చిన్న స్పీకరుకి తగిలించాను.

అతను నొక్కాడు. బల్ల మీద కొట్టినట్టు టక్కుమంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

"కాస్త వదులు చెయ్యమ్మా."

చేశాను. ఇంకా అన్నాడు, ఇంకా చేశాను. బట్టలారేసే తాడులా వేలాడేసరికి వేళ్లకి లొంగింది.

"ఇంత కింద శ్రుతిలో మన ఆయ్‌జాన్ పాడగలదా?"

"మగాళ్లు కూడా పాడలేరన్నా."

తల ఊపి, మళ్లీ బిగించమన్నాడు. బిగించాక నా చెయ్యి పట్టుకుని తీగ మీద పెట్టాడు. "ఇక్కడ నొక్కు. నేనన్నప్పుడు రెండు మెట్లు కిందికి జరుపు. తర్వాత పైకి."

నేను నొక్కాను. అతను కుడిచేత్తో మీటాడు.

అమ్మో, ఏం మోత అది. ఇరవయ్యేళ్లుగా విన్న ఇమానాలి అన్నే, వెంట్రుకవాసి తేడా లేదు. ఆ కుడిచేతికి ఏ రోగమూ లేదు. ఎదురుకొట్టువాళ్లు తలలు బయటపెట్టారు. నాకు ఏడుపొచ్చింది, నా వేళ్లు తెగుతున్నాయి. అతను కళ్లు మూసుకుని "కిందికి" అన్నాడు, "పైకి" అన్నాడు. పాట చివరికొచ్చింది.

బయట నుంచి తోలోముష్ గొంతు. "విన్నావా అక్కా? నే చెప్పలేదూ, లోపమంతా తీగల్లోనే ఉందని."

అతని అడుగులు దగ్గర పడుతున్నాయి. చివరి స్వరం ఇంకా మోగుతోంది. చెయ్యి వెనక్కి లాక్కోబోయాను.

ఇమానాలి అన్న కళ్లు తెరిచాడు.

"తియ్యకమ్మా," అన్నాడు. "చూడనీ."