సోమవారం చెప్పే మాట

మూట విప్పగానే కొట్టిన కంపుకి గుడ్డలు మడతపెట్టే మడతలావిడ మొహం తిప్పుకుంది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆ షెడ్డులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నా ఆ వాసన అలవాటు కాలేదు. ఏడాదిగా అంతకంటే రోత పుట్టిస్తున్నది మాత్రం ఆమె కుడిచెయ్యే. మూడు వేళ్ళు కరిగి గడ్డకట్టిన మైనంలా అతుక్కుపోయాయి. షెడ్డులో అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఇంట్లో చిన్నకూతురు తల దువ్వమని వస్తే "అక్క దగ్గరికి పో" అంటుంది.

"ఏమ్మా, కొత్తవాళ్ళొచ్చారు. రా, నీ ఉపన్యాసం వినిపించు!" సూపర్‌వైజరు కేకేశాడు.

"మా మడతలావిడ ఆట మొదలైందర్రా. టిక్కెట్టు లేదు, చూసుకోండి," అని నీళ్ళతొట్టి దగ్గర ఎవరో నవ్వారు.

ప్రతి సోమవారం ఇదే తంతు. కొత్తగా చేరినవాళ్ళని వేడి ఇస్త్రీ రోలర్ ముందు నిలబెడతారు. ఆమె కొంగుచాటు నుంచి చెయ్యి తీసి చూపించాలి. "ఇది నా తొందరపాటు. మీరు జాగ్రత్తగా ఉండండి," అనాలి. అన్నందుకు ఓ టీ, రెండు బిస్కెట్లు. చెప్పగా చెప్పగా ఆ మాట ఆమెకే నిజమైపోయింది. నేనే దద్దమ్మని, నాకీ శాస్తి కావలసిందే అనుకుంటూ పడుకుంటుంది, అనుకుంటూ లేస్తుంది.

ఇవాళ వచ్చిన నలుగురిలో ఒకావిడకి జుట్టు నెరిసింది. ఇదివరకు కాగితాలు కోసే మిషన్ మీద పనిచేసిందిట. కొంగుచాటు నుంచి బయటికొచ్చిన ఆ చేతిని ఒక్కసారి చూసి, రోలర్ వైపు వంగింది.

"దీని ముందు చేతులు లోపలికి పోకుండా అడ్డుకమ్మీ ఉండాలే. ఏదమ్మాయ్?"

"తీసేశారు పిన్నిగారూ. కమ్మీ ఉంటే పని నిదానమౌతోందని."

"మరి గుడ్డ ఇరుక్కుంటే?"

"చేత్తో లాగుతాం."

"ఆపే మీట నొక్కరా?"

"ఆపితే మళ్ళీ వేడెక్కడానికి ఇరవై నిమిషాలు. ఎవరాపితే వాళ్ళ తిండివేళలో అది కోసేస్తారు. అందుకని అందరం..."

ఆమె ఆగిపోయింది. అందరం. ఏడాదిలో ఆ మాట ఒక్కసారీ నోటికి రాలేదు. రోజూ అందరూ లాగేవాళ్ళే. రోలర్‌లో చెయ్యి ఇరుక్కున్న ఆ రోజు వంతు తనది.

"ఇందులో నీ తప్పేముందే తల్లీ?" అంది పెద్దావిడ.

"కబుర్లు చాలు," సూపర్‌వైజరు టీ గ్లాసు ముందుకి చాపాడు. "నాలుగు ముక్కలు చెప్పి తాగు, చల్లారిపోతుంది."

టీ మీద మీగడ ముడతలు పడి తేలుతోంది. ఆమె గ్లాసు అందుకోలేదు. ఇన్ని సోమవారాలు తన ఒంటిమీద తనే ఉమ్మేసుకుని, ఆ ఎంగిలినోటితో ఇదా తాగింది?

"చెప్పను."

"ఏంటీ?"

"నా తొందరపాటని చెప్పను. ఆ కమ్మీ తీసినవాళ్ళని పిలిచి చెప్పించండి."

"నోరు లేస్తోందే! జాలిపడి మడతల పనిచ్చాం. ఈ చేతికి ఇంకెవడిస్తాడు పని?"

ఆ మాట అబద్ధమేమీ కాదు. అయినా ఆమె చెయ్యి కొంగులోకి లాక్కోలేదు. బల్లమీద, ట్యూబులైటు కింద, అందరికీ కనపడేలా పెట్టి నిలబడింది.

పెద్దావిడ రోలర్‌కి రెండుపక్కలా, ఒకప్పుడు కమ్మీ బిగించినచోట, ఖాళీగా ఉన్న బోల్టు రంధ్రాలని వేలెత్తి చూపించింది. తక్కిన ముగ్గురూ మెడలు చాచి అటు చూశారు.