తాడు కట్టి లాగిన కారు

ఆ పొద్దున మబ్బు బాగా దిగింది. నాలుగు చినుకులు రాల్చి కోట మీదుగా తూర్పుకు జరిగిపోయింది. తొమ్మిది కాకముందే వేలూరులో గోవిందరాజు షెడ్డు రేకులు మళ్ళీ కాలడం మొదలుపెట్టాయి.

రేకుల కింద నల్లటి జర్మనీ కారు ఉంది. గేర్లు వాటంతటవే మారే ఆటోగేరుది. గుడియాత్తంలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఉన్న జానకిరామన్ నిరుడు, తొంభై ఆరులో, బెంగుళూరు నుంచి కొనుక్కొచ్చాడు. నిన్న సాయంత్రం గుడియాత్తంలో ఆగిపోతే లారీకి తాడు కట్టి వేలూరుదాకా లాక్కొచ్చారు.

అది ఎందుకు ఆగిందో మెకానిక్ సెల్వం పావుగంటలో పట్టుకున్నాడు. ఎలుక కొరికిన వైరు. పన్నెండు రూపాయల వైరు వేసి తాళం తిప్పితే ఇంజిన్ పలికింది. గేరులో వేశాడు. ఇంజిన్ అరిచింది గాని కారు కదల్లేదు. రివర్సులో వేశాడు. కదల్లేదు.

ఇంజిన్ ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకొని కాసేపు అట్లాగే కూర్చున్నాడు.

ఏ కారు గేరుపెట్టె ముట్టుకున్నా ముందుగా అందులోని నూనెను ఒక చుక్క తెల్లకాగితం మీద వేసి, కింద తేదీ రాసుకోవడం సెల్వం అలవాటు. మద్రాసులో నాలుగేళ్ళు ఈ పని నేర్చుకున్నప్పటి నుంచీ ఉంది. కూతురు రాయకుండా వదిలేసిన నోటుబుక్కు అందుకు వాడుకుంటున్నాడు. ఇదే కారుది ఇరవై రోజుల కిందటి చుక్క దానిమ్మ గింజ రంగులో ఉంది. దాని పక్కన ఇవాళ్టి చుక్క వేశాడు. నల్లగా పరుచుకుంది. మాడు వాసన. నలుపులో ఇనుప రజను మెరిసింది.

అంబాసిడరు ఆగిపోతే న్యూట్రల్లో పెట్టి ఎంత దూరమైనా లాగవచ్చు. ఈ చుట్టుపక్కల డ్రైవర్లందరికీ తెలిసింది అదే. ఆటోగేరు అట్లా కాదు. ఇంజిన్ నడిస్తేనే గేరుపెట్టెలో నూనె తిరుగుతుంది. ఇంజిన్ ఆగిన బండిని లాగితే లోపలి క్లచ్ పళ్ళేలు నూనె లేకుండా రాసుకొని మాడిపోతాయి. వెనక చక్రాలకు పోయే షాఫ్టు విప్పి లాగితే ఏమీ కాదు. అరగంట పని.

నిన్న ఫోను వచ్చినప్పుడు సెల్వం ఆ మాటే చెప్పాడు. తాను వచ్చి విప్పేదాకా లాగొద్దన్నాడు. చెప్పింది కారు డ్రైవరు సుబ్రమణికి. సుబ్రమణి అతని అక్క మొగుడు. పదహారేళ్ళప్పుడు ఇటుకలు మోస్తున్న సెల్వాన్ని చెయ్యి పట్టి తెచ్చి షెడ్డులో నిలబెట్టింది కూడా అతనే.

పదింటికి జానకిరామన్ టాక్సీలో వచ్చాడు. వెనకే సుబ్రమణి దిగాడు.

"ఎంతవుతాది?" అన్నాడు జానకిరామన్.

"పెట్టె విప్పితేగాని చెప్పలేనయ్యా. సామాన్లు జర్మనీ నుంచి రావల్ల. రెండు లచ్చలకు తగ్గదు."

"నిన్నటిదాకా పరిగెత్తిన కారు కదప్పా!"

"లాగినందుకు మాడిందయ్యా. షాఫ్టు విప్పకుండా లాగద్దని ఫోన్లో చెప్పినా. బావను అడగండి."

జానకిరామన్ సుబ్రమణి వైపు తిరిగాడు. సుబ్రమణి చేతిలో తాళాలు లేవు. అయినా ఉన్నట్టే వేళ్ళు కదిలించాడు.

"సెల్వమే చెప్పినాడయ్యా. న్యూట్రల్లో పెట్టి లాక్కొచ్చేయండి, ఏమీ కాదన్నాడు."

పక్కన డోరు సొట్ట తీస్తున్న ఏలుమలై సుత్తి ఆపాడు. "ఏమప్పా సెల్వం, మద్రాసులో నాలుగేళ్ళు నేర్చింది ఇదేనా?" అని నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

సెల్వం బావ మొహం చూశాడు. సుబ్రమణి కారు టైరు చూస్తున్నాడు.

"నిన్ను దుడ్లు అడగను," అన్నాడు జానకిరామన్. "నీ దగ్గర యాడుండాయి? కారు మా అన్నకూ నాకూ పొత్తులో ఉండాది. ఆయనకు చూపించడానికి ఒక కాయితం కావల్ల. తప్పు నాదని సంతకం పెట్టు, చాలు."

గోవిందరాజు సెల్వాన్ని నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పిలుచుకుపోయాడు. "పెట్టేయ్ నాయనా. ఆయప్ప లారీలు ఆరు మన షెడ్డుకే వస్తాయి."

"ఆ కాయితం ఉంటే రేపు నా చేతికి ఎవురు గేరుపెట్టె ఇస్తారన్నా?"

"గ్రీసు పని లేదా?"

గేరు పనికి రోజుకు నూట యాభై. గ్రీసు పనికి అరవై. ఆ తేడా గోవిందరాజుకూ తెలుసు. అతను డ్రమ్ములో చెయ్యి కడుక్కున్నాడు.

టాక్సీ ఎక్కుతూ జానకిరామన్ అందరికీ వినపడేటట్టే అన్నాడు: "సుబ్రమణీ, రేపు పొద్దున కాయితం రాకుంటే నేను వేరే డ్రైవరును చూసుకుంటా."

చీకటి పడకముందే సెల్వం గుడియాత్తం బస్సు దిగాడు. అక్క వళ్ళి వాకిట్లో అగ్గిపెట్టెలు అతికిస్తోంది. అవీ జానకిరామన్ ఫ్యాక్టరీవే. లోపల గోడకు ఆనుకొని సుబ్రమణి కూర్చున్నాడు.

"పెట్టేయరా తమ్ముడా," అంది వళ్ళి, చేతికి అంటిన గంజి తుడుచుకోకుండానే. "ఒక సంతకం. యాబై దాటిన మనిషిని ఎవురు పనికి పెట్టుకుంటారు?"

"నేనేం చెప్పినా బావా? అక్క ముందర చెప్పు."

సుబ్రమణి గోడ వదిలి ముందుకు జరిగాడు.

"షాఫ్టు విప్పాలన్నావు. నేను ఆయనకు చెప్పినా. కారు రోడ్డులో నిలబడితే ఊరు నవ్వుతాది, ఇప్పుడే లాగు అన్నాడు." అరచెయ్యి చాప మీద ఆనించాడు. "దారిలో పళ్ళికొండ దాటినాక వాసన వచ్చింది రా. మాడిన వాసన. హారన్ కొట్టుంటే లారీ నిలబడేది. చెయ్యి హారన్ మీదనే పెట్టుకొని కూర్చున్నా. కొట్టలేదు."

"ఎందుకు?"

"ఆపితే ఎందుకు ఆపినావంటాడు."

సెల్వం గడప మీద కూలబడ్డాడు. బావ మోసం చేసింది పొద్దున షెడ్డులో అనుకున్నాడు ఇంతదాకా. అది నిన్ననే, పళ్ళికొండ దాటినాక రోడ్డు మీద జరిగిపోయింది. పొద్దున చెప్పిన అబద్ధానికి అప్పుడే దారి పడింది.

సుబ్రమణి జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. పెన్నూ తీశాడు. రెండూ చాప మీద పెట్టాడు.

"నేను పెట్టను బావా."

"సెల్వం…"

"నువ్వు చెయ్యి పట్టి తెచ్చిన పని ఇది. అది నాకు రాదని నేనే రాసియ్యలేను."

సుబ్రమణి ముందు పెన్ను తీసుకున్నాడు. కాగితం వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

వళ్ళి అగ్గిపెట్టెల గంప పక్కకు జరిపింది. మూడు పళ్ళేలు వేసింది. సెల్వం బస్సుకు లేవబోయాడు. అక్క అతని పళ్ళెంలో సంగటి ముద్ద వేసేసింది. అతను కూర్చున్నాడు.

ఆకుకూర పులుసులో ముంచుకొని ముగ్గురూ తిన్నారు. ఎంత సబ్బు రుద్దినా పోని మాడు నూనె వాసన సెల్వానికి ప్రతి ముద్దలోనూ తగిలింది. సుబ్రమణి పళ్ళెం మీదికి వంగినప్పుడల్లా జేబులోని కాగితం సగం బయటికి వచ్చి ఊగింది. వళ్ళి మిగిలిన ముద్దను చేత్తో రెండు చేసి, అడగకుండానే, ఒకటి మొగుడికి, ఒకటి తమ్ముడికి వేసింది.